వెళ్ళొస్తానంటే మోగే అలారం

నమోదు 1

నేను అడిగింది కిటికీ. మీరు పంపింది కుక్కపిల్ల.

ఈ రెంటికీ తేడా సంక్షేమ విభాగానికి తెలియకపోవడం నాకేమీ వింత కాదు. పోయినేడు మా గవ్వల వీధి వాళ్లం కొత్త దుప్పట్లు అడిగితే, ఉన్న దుప్పట్లను మడతపెట్టే పద్ధతి మీద శిక్షణ తరగతి పెట్టారు. ఆ లెక్కన కుక్కపిల్ల రావడం అభివృద్ధే.

సముద్రం అడుగున కాపురం ఉంటూ సముద్రం ఎలా ఉంటుందో చూడని వాళ్లం మేము. స్టేషన్ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క కిటికీ ఆఫీసు గదిలో ఉంది. దానికి ఎప్పుడూ కర్టెన్ వేసి ఉంటుంది. చేపలు కదులుతుంటే ఆఫీసర్లకు పని మీద ధ్యాస నిలవదట. నేను తలుపుల సీళ్లు బిగించే మనిషిని. రబ్బరు చుట్టుకు అవతల ఉన్న నీళ్లను రోజూ చెవితో వింటాను. ఒకసారి కంటితో చూడాలనిపించింది. "వీధి చివర చిన్న కిటికీ, అన్నం పళ్ళెం అంత ఉన్నా చాలు" అని రాశాను. మీ జవాబు ఇదిగో: "కిటికీ సాంకేతికంగా సాధ్యపడదు. మీ మానసిక ఉల్లాసం నిమిత్తం ఒక శునకం మంజూరు చేయడమైనది."

శునకం నిన్న దిగింది. మనుషుల లిఫ్ట్‌లో, ఫొటోలు తీసే ఇద్దరితో కలిసి. ఫొటోలు అయ్యాక దాని మెడకు కట్టిన రిబ్బన్ కూడా విప్పి పట్టుకుపోయారు. కాగితం మీద దాని పేరు ఉల్లాస్-7. నేను కిటికీ అని పిలుస్తున్నాను. అడిగింది ఇచ్చామన్న తృప్తి మీకూ ఉంటుంది.

పక్క గది కాసమ్మప్ప వచ్చి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏటే రత్నం, కిటికీ అడిగితే కుక్కనిచ్చీసారేటి?"

"ఇచ్చీసారప్పా."

"పోన్లే. తలుపు అడిగుంటే గేదెనిచ్చీవోళ్లు. ఎక్కడ కట్టుకుందుం?"

ఫారంలో "పెంపకందారు ప్రతి దశనూ స్వయంగా, సొంత మాటల్లో నమోదు చేసి పంపవలెను" అని ఉంది. పంపుతున్నాను. ఇవి నా సొంత మాటలు.

నమోదు 2

సంక్షేమ విభాగం ఫణీంద్ర గారూ, మీరు ఒడ్డు మీద ఉంటారు కాబట్టి మా నేల సంగతి మీకు కాగితం మీదే తెలిసి ఉంటుంది. అది తడిని ఓర్చుకోదు. సముద్రపు నీరు ఎక్కడైనా కారితే వెంటనే కనిపెట్టాలని దాన్ని అలా చేశారు. మంచిదే. కానీ దానికి సముద్రానికీ చారుకీ తేడా తెలియదు. గరిటెడు చారు ఒలికినా అలారం మోగుతుంది, వీధికి రెండు వైపులా ఇనుప తలుపులు పడిపోతాయి, అందరం మాస్కులు పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడాలి. తనిఖీ మనిషి వచ్చి తడి ముట్టుకుని, వాసన చూసి, "చారే" అని రాసుకున్నాక తలుపులు తెరుచుకుంటాయి. ఇక్కడ పిల్లలు నడక నేర్చేలోగా గిన్నె ఒలకకుండా పట్టుకోవడం నేర్చుకుంటారు.

అలాంటి నేల మీదకు, ఒంట్లో సగం ఉచ్చే ఉన్న జీవిని పంపారు.

నిబంధనలు చదివాను. మూడు అలారాల వరకు క్షమిస్తారు. నాలుగోది మోగితే కుక్కపిల్లను వెనక్కి పంపాలి. ఎలా పంపాలో కింద చిన్న అక్షరాల్లో ఉంది: "సరుకుల లిఫ్ట్‌లో. ప్రయాణికుల లిఫ్ట్‌లో జంతువులకు ప్రవేశం లేదు." వచ్చేటప్పుడు ఉన్న ప్రవేశం ఫొటోలతోపాటే అయిపోయిందన్నమాట.

ఇంత లోతు నుంచి ఒక్కసారిగా పైకి పోతే ఒంట్లోని గాలి పొంగి ప్రాణం పోతుంది. అందుకే మనుషుల లిఫ్ట్ ఆగి ఆగి, రోజుల తరబడి పైకి పోతుంది. సరుకుల లిఫ్ట్ ఆగదు. గనిలో తవ్వి పంపే ఇనప ముద్దలకు ఊపిరితిత్తులు ఉండవు కదా. కుక్కపిల్లకు ఉంటాయి. రాత్రంతా నా మెడ మీద ఊదుతూనే ఉంది, నేను సాక్షిని.

కాబట్టి దీనికి ఎక్కడ పోయాలో నేర్పడం మీరనుకున్నట్టు ఉల్లాస కార్యక్రమం కాదు.

కొబ్బరి పీచు నింపిన పెట్టె ఒకటి కాళ్ల మీద నిలబెట్టి ఇచ్చారు. అందులో కూర్చోబెట్టాను. "పొయ్యవే కిటికీ, ఉచ్చ పొయ్యి" అన్నాను. అది నా ముక్కు నాకింది. కాసమ్మప్ప వచ్చి చంటిపిల్లలను కాళ్ల మీద పెట్టుకుని అన్నట్టే "ఇస్స్, ఇస్స్" అంది. ఆ చప్పుడుకి వీధిలో ఇద్దరు లేచి బాత్‌రూమ్‌కి పోయారు. కుక్కపిల్ల మాత్రం కదల్లేదు.

అప్పుడే కాసమ్మప్ప మొగుడు దానయ్య బావ డ్రెస్సు తొడుక్కుని గదిలోంచి వచ్చాడు. ఆయన డైవరు. మన గనికి అవతల గొట్టాలు చూసుకునే పని. రోజూ నీళ్లలోకి దిగుతాడు.

"ఎల్లొత్తానే" అన్నాడు.

"ఎల్లిరా" అంది అప్ప.

కిటికీ నా చేతుల్లోంచి జారి దూకి, సరిగ్గా బావ బూట్ల ముందు కూర్చుని, మడుగు చేసింది. నా వైపు చూసి తోక కూడా ఊపింది.

అలారం. తలుపులు. మాస్కులు. గోడ. బావ షిఫ్ట్‌కి ఆలస్యం. తనిఖీ మనిషి వచ్చి ముట్టుకున్నాడు, వాసన చూశాడు. పాపం, ఈసారి చారు కాదు.

నమోదు 4

మూడో నమోదు లేదు. రాయబోతుంటే రెండో అలారం మోగింది.

షిఫ్ట్ మారే వేళ. మా గదులకు తలుపులు లేవు, కర్టెన్లే. తలుపులన్నీ సముద్రం కోసం. వీధిలో ఈ చివర అన్న మాట ఆ చివరకు వినిపిస్తుంది. అందరూ పనికి బయలుదేరుతున్నారు. కుక్కపిల్ల ఒక గుమ్మం దగ్గర కాస్త, ఇంకో గుమ్మం దగ్గర కాస్త, ప్రసాదం పంచినట్టు పంచుకుంటూ పోయింది. దాన్ని పట్టుకోవడానికి నేను వెనక పరిగెత్తాను. పట్టుకునే సరికి దాని దగ్గర ఏమీ మిగల్లేదు.

ఎందుకిలా చేస్తోందో వీధి వీధంతా ఆలోచించింది. రబ్బరు డ్రెస్సు వాసనకి భయపడుతోందని ఒకరన్నారు. బూట్ల చప్పుడని ఒకరు. దానయ్య బావ మర్నాడు బూట్లు చంకలో పెట్టుకుని, మునివేళ్ల మీద, దొంగలా గదిలోంచి వచ్చాడు.

"నా వీధిలో నానే దొంగనైపోనాను" అన్నాడు గుసగుసగా. "దీని ఉచ్చకి జడిసి."

"మాటాడకుండా ఎల్లు" అంది అప్ప.

అదృష్టం బాగుండి ఆ క్షణాన కిటికీ పీచు పెట్టెలోనే ఉంది. అందులోనే పోసింది. మేం ముగ్గురం చప్పట్లు కొట్టాం. బూట్లదే తప్పని తేలిపోయిందనుకున్నాం.

ఇది చదువుతూ మీరు నవ్వుతుంటారు. నవ్వండి. మీ ఒడ్డున నేల తడిస్తే తలుపులు పడవు కదా.

నమోదు 5

దొరికింది.

కిటికీ నా చెప్పు కొరుకుతుంటే విసుగొచ్చి "ఎల్లు, అవతలికి ఎల్లు" అన్నాను. పెట్టెలో ఉండి కొరుకుతోంది కాబట్టి సరిపోయింది. వెంటనే కూర్చుని పోసి, మెచ్చుకో అన్నట్టు చూసింది. కాసేపు ఆగి, నీళ్లు తాగించి, పెట్టెలో నిలబెట్టి మళ్లీ అన్నాను. మళ్లీ పోసింది. కడుపులో చుక్క లేకపోయినా కూర్చుని ముక్కింది. అంత బుద్ధిమంతురాలు. నేర్పిన పాఠం తు.చ. తప్పకుండా అప్పజెప్పే పిల్లను పట్టుకుని మేం వారం నుంచి మొద్దు అంటున్నాం.

సంతోషం పట్టలేక వీధిలోకి పరిగెత్తి కాసమ్మప్పను పిలిచాను. "అప్పా, దొరికిందప్పా! అది 'ఎల్లు' అంటే..."

కిటికీ నా కాళ్ల దగ్గరే ఉంది.

మూడో అలారం అలా మోగింది. గోడకు ఆనుకుని, మాస్కులోంచే మిగతాది చెప్పాను.

తలుపులు తెరుచుకోగానే ఒడ్డు ఆఫీసుకి ఫోన్ కలిపాను. ఫణీంద్ర గారూ, మీ మాటలు మీకే గుర్తుచేస్తున్నాను. నమోదులో ఉండాలి కదా.

"కుక్కపిల్లకి పైన ఏం మాట నేర్పారు సార్, ఉచ్చ పోయడానికి?"

"అమ్మా నూకరత్నం, భాష."

"భాష గురించే అడుగుతున్నాను సార్. ఏం మాట?"

"శిక్షణ మాన్యువల్ ప్రకారం, కాలకృత్యాల కోసం 'వెళ్ళు' అనే మర్యాదపూర్వకమైన పదాన్ని ఎంపిక చేశాం."

"మరి ఆ మాన్యువల్ నాకెందుకు పంపలేదు?"

"అది శిక్షకుల కోసం కదమ్మా. పెంపకందారుకు ఇచ్చేది వేరే. అందులో ఉల్లాసం గురించి ఉంటుంది."

"'ఉచ్చ' అని నేర్పితే సరిపోయేది కదా సార్?"

"సంస్థ ప్రచురణల్లో అటువంటి పదాలు వాడం."

అర్థమైంది. నేల తడిస్తే సముద్రం వచ్చిందనుకునే స్టేషన్‌లో, ఉచ్చ అన్న మాట నోట్లోకి రావడానికి సిగ్గుపడి, "ఒకటికి వెళ్ళడం, రెంటికి వెళ్ళడం" అని నాజూకుగా చెప్పుకునే వాళ్లు కుక్కకు పాఠం రాశారు. మేమేమో బతుకులో గుమ్మం దాటిన ప్రతిసారీ 'ఎల్లొత్తాను' అనే జాతి. 'వె'కీ 'ఎ'కీ తేడా కుక్కకు తెలియదు సార్. దానికి తెలిసింది ఒక్కటే. ఎవరో ప్రేమగా ఆ మాట అన్నారు, తన పని తాను చెయ్యాలి.

"దానికి కొత్త మాట నేర్పుకుంటాను, అప్పటిదాకా అలారాల లెక్క ఆపండి" అన్నాను.

"లెక్క ఆపే అధికారం నాకు లేదు. వేరే ఉపాయం ఆలోచిస్తాం" అన్నారు.

నమోదు 6

మీ ఉపాయం వచ్చింది. వీధి చివర అంటించారు.

"గవ్వల వీధి నివాసులకు విజ్ఞప్తి. విధులకు బయలుదేరునపుడు 'వెళ్ళొస్తాను' మరియు తత్సమాన పదాలు వాడరాదు. బదులుగా 'సెలవు' అనవలెను."

మూడేళ్లుగా నేను సెలవు అడుగుతున్నాను, ఇవ్వలేదు. ఇప్పుడు రోజూ ఒకటి చొప్పున నోటితో తీసుకోమంటున్నారు.

కాసమ్మప్పకు చదవడం రాదు. నేను చదివి వినిపించాను. ఆమె అడిగింది:

"సెలవంటే ఎల్పోడమే గదా? ఒచ్చీది ఎక్కడుందే ఇందులో?"

దీనికి జవాబు మీ దగ్గర ఉంటే రాయండి. నీళ్లలోకి దిగే మనిషి మాటలో 'వెళ్ళు' కన్నా 'వస్తాను' ముఖ్యం. ఆమె నాన్న, తాత వలలు పట్టుకుని తెప్పల మీద వెళ్ళినప్పుడు కూడా అదే మాట అని వెళ్ళారు. తిరిగొస్తానని సముద్రానికి వినపడేలా చెప్పడం అది. దాన్ని తీసేసి, శవం దగ్గర అనే మాట పెట్టారు.

"పోనీ ఉత్త 'వత్తాను' అంటే సరిపోద్ది" అన్నాడు దానయ్య బావ. మంచివాడు. కుక్కపిల్ల కోసం భాష మార్చుకోవడానికి కూడా సిద్ధపడ్డాడు. అప్పటికి అది రోజూ ఆయన కోసం గుమ్మం దగ్గర ఎదురుచూడటం మొదలుపెట్టింది మరి.

సరే, ప్రయత్నించాం.

"వత్తానే" అన్నాడు.

"రా" అంది అప్ప.

ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. "ఏటి?"

"ఏట్నేదు. రా అన్నాను."

"ఒచ్చీనాను గదా."

"ఇప్పుడు కాదు! ఎల్లి..." అని అప్ప రెండు చేతులతో నోరు మూసుకుంది. నేను కిటికీని ఎత్తి పెట్టెలో పడేశాను. పీచులోనే పోసింది. ముగ్గురం చెమటలు తుడుచుకున్నాం. చెమట కూడా కింద పడకూడదు కదా.

రోజూ నోటికి వచ్చే మాటను పళ్ల మధ్య పట్టుకోవడం ఎంత కష్టమో, వీలైతే మీ ఇంట్లో ఒక పూట చేసి చూడండి. కుక్కకు గుడ్డ కట్టమని మీ సహాయకుడు ఎవరో సలహా ఇచ్చాడు. అప్ప పాత చీర చించి కుట్టింది. కిటికీ దాన్ని విప్పి, నమిలి, నాకే తెచ్చిచ్చింది. గోనె పరుద్దామంటే, నేల కప్పడం నేరమని మీదే ఇంకో కాగితం.

అందుకే నేను పాత పాఠం చెరిపి కొత్త పాఠం మొదలుపెట్టాను. పెట్టెలో కూర్చోబెట్టి "ఉచ్చ" అంటాను. పోస్తే ఎండు చేప ముక్క. మీ మాన్యువల్‌లో లేని మాట, మీ క్యాంటీన్‌లో లేని చేప. నేర్చుకుంటోంది. కాస్త వ్యవధి కావాలి, అంతే.

నమోదు 7

ఇవాళ్టిది నవ్వుతూ రాయలేను.

పొద్దున దానయ్య బావ గుమ్మంలో నిలబడి కిటికీ తల నిమిరాడు. సరుకుల లిఫ్ట్‌కి అది ఒక్క అలారం దూరంలో ఉందని ఆయనకూ తెలుసు. అప్ప వైపు చూసి, చెప్పాలా వద్దా అన్నట్టు తటపటాయించి, చివరకు అనేశాడు.

"సెలవు."

దానికి బదులు అప్ప ఏమనాలో మీ కాగితంలో లేదు. ఆయన వెళ్ళిపోయాడు. నేల పొడిగానే ఉంది. మీ ఉపాయం దివ్యంగా పనిచేసింది.

షిఫ్ట్ ముగిసే సైరన్ మోగింది. మిగతా డైవర్లు వచ్చారు. ఆయన రాలేదు. బయట గొట్టాల దగ్గర ఆయన తాడు చిక్కుకుందని, గాలికి ఇబ్బంది లేదని, విడిపిస్తున్నారని స్పీకర్‌లో చెప్పారు. తర్వాత స్పీకర్ ఏమీ చెప్పలేదు.

కాసమ్మప్ప ఇనప తలుపు ముందు కూర్చుంది. నేను పక్కన కూర్చోబోతే జరిగింది, చోటివ్వడానికి కాదు.

"అప్పా."

"నీ కుక్క కోసమే గదే అన్నాడు ఆ మాట."

వీధి మొత్తం నా వైపే చూస్తోంది. నా ఒళ్ళో కిటికీ నిద్రపోతోంది. ఏ తాడు ఏ మాట వల్ల చిక్కుకోదని నాకు తెలుసు. సీళ్లు, తాళ్లు, గొట్టాలు, వీటి వల్ల ఏమవుతుందో, ఎందుకవుతుందో నేను చేత్తో నేర్చుకున్నాను. అయినా ఆ తలుపు ముందు కూర్చున్నంతసేపూ, ఆయన ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని నేనూ అనుకున్నాను. మీ కాగితం నా చేత అలా అనిపించింది. అది మాత్రం మీకు క్షమించను.

వచ్చాడు. తలుపు తెరుచుకుని, డ్రెస్సు ఆరబెట్టే గదిలోంచి, ముఖం పాలిపోయి, నడుచుకుంటూ వచ్చాడు. అందరం లేచాం. ఆయన భార్య వైపు చేతులు చాపాడు. ఆమె పట్టుకోలేదు. ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి తోసింది.

"బయటికి నడు."

"ఏటే?"

"గుమ్మం అవతలికి నడు. పొద్దున సెప్పకుండా ఎల్పోనావు. సెప్పి అప్పుడు రా."

"కాసీ, కుక్కపిల్ల..."

"నడవంతే!"

ఆయన గుమ్మం అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. నేను కిటికీ చెవులు రెండు చేతులతో మూశాను. నిద్ర లేచి నా వేళ్లు కొరికి వదిలించుకుంది.

"ఎల్లొత్తానే" అన్నాడు దానయ్య బావ.

"ఎల్లిరా" అంది కాసమ్మప్ప. ఏడుస్తూ అంది.

కిటికీ కిందకి దూకి, ఇద్దరి మధ్యకు పోయి, బుద్ధిగా కూర్చుంది.

నాలుగో అలారం. మాస్కులు పెట్టుకుని గోడకు ఆనుకున్నాం. పక్కన అప్ప భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. తర్వాత చూస్తే నవ్వుతోంది. బావ చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో నా చెయ్యి వెతికి పట్టుకుంది.

నమోదు 8

మీ ఉత్తర్వు అందింది. ఇలాంటివి మాత్రం ఆలస్యం కావు. "ఉల్లాస్-7ను శనివారం సరుకుల లిఫ్ట్ ద్వారా ఒడ్డుకు పంపవలెను. పెంపకందారు డబ్బాలో గాలి రంధ్రాలు ఉండేలా చూడవలెను." గాలి రంధ్రాలు! పైకి పోయేసరికి దానికి గాలితో పనేముంటుందని?

పథకం నడిచిందా అన్న మీ ఫారం చివరి ప్రశ్నకు జవాబు: నడిచింది. నాకు ఉల్లాసం కలిగింది. అది నా మెడ మీద ఊపిరి వదులుతుంటే కలిగింది. ఇప్పుడు దాన్ని మీరే డబ్బాలో పెట్టమంటున్నారు.

నా డిమాండ్ రాస్తున్నాను. డిమాండే, విజ్ఞప్తి కాదు. ఒకటి, శనివారం లిఫ్ట్ ఉత్తర్వు రద్దు చెయ్యాలి. కుక్కపిల్ల తప్పు చేయలేదు, మీరు నేర్పిందే చేసింది. కొత్త మాట నేర్చుకునే దాకా దాని లెక్కలో అలారాలు రాయకూడదు. రెండు, వీధి చివర అంటించిన కాగితాన్ని ఎవరు అంటించారో వాళ్లే వచ్చి పీకాలి. మేం పీకితే ఆస్తి ధ్వంసం అంటారు. ఈ లోపల మా వీధిలో నీళ్లలోకి దిగే ప్రతి మనిషీ ఆ మాట అనే దిగుతాడు. వీధి మొత్తం కూర్చుని అనుకున్నాం. నేల తడిస్తే తుడుస్తాం.

జవాబు రాతలో, మీ సంతకంతో, శుక్రవారం పగటి షిఫ్ట్ సైరన్ లోపు నాకు అందాలి.

అందకపోతే శనివారం కిటికీని ఎత్తుకుని సరుకుల లిఫ్ట్‌లో నేనూ కూర్చుంటాను. కాసమ్మప్ప కూడా కూర్చుంటానంది, దానయ్య బావ వద్దన్నా వినడం లేదు. ఆ లిఫ్ట్ లోపల ఏముందో రాసి సంతకం పెట్టనిదే కదలదని నాకు తెలుసు. పెట్టాల్సింది మీరే. మమ్మల్ని ఏ సరుకు కింద రాస్తారో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.

శుక్రవారం. పగటి సైరన్ లోపు.

వాసుపల్లి నూకరత్నం
సీళ్ల ఫిట్టరు, గవ్వల వీధి